పారేయాల్సిన పూసలు

ఢిల్లీశ్వరరావుగారికి కోపం రావడానికి కారణం అక్కర్లేదు. ఎదురుగా ప్రపంచం ఉంటే చాలు. రైలు ఆలస్యమైతే కోపం. వేళకొస్తే, "ఇదేటి, ఎవుల్ని సంపడానికి ఇంత తొందర?" అని కోపం. రాయగడ రైల్వే క్వార్టర్లలో మా గోడా ఆయన గోడా ఒకటే కాబట్టి, ఆ పూట ఆయన ఎవరిమీద మండిపడుతున్నారో నేను బడికి బయల్దేరే లోపే తెలిసిపోయేది.

పంతొమ్మిదివందల డెబ్భై ఆరులో ఆ కోపం ప్లాస్టిక్కు మీదికి మళ్లింది.

మాకు విస్తళ్లు కుట్టుకునే అడ్డాకులు తెచ్చి అమ్మే కుంతి కొండమీది మనిషి. మెడలో వాళ్లమ్మ ఇచ్చిన గాజు పూసల పేరు ఉండేది. ఒకనాడు బస్సులో తొక్కిడికి అది తెగి, సగం పూసలు బస్సు నేల కంతల్లోంచి రోడ్డు పాలయ్యాయి. టికిరి సంతలో ఎవడో వ్యాపారి "అసలు గాజు" అని కొత్తవి అంటగట్టాడు. పొయ్యి ఊదడానికి వంగితే ఆ అసలు గాజు నిప్పుకి తగిలి జిగురులా సాగిపోయింది.

"ప్లాస్టిక్కుని గాజని అమ్ముతాడా! అడిగే నాథుడు లేడేటి?" అని ఢిల్లీశ్వరరావుగారు అమ్మింది కుంతే అయినట్టు ఆమె మీదే అరిచారు.

ఆయన భార్య వరహాలమ్మగారు జాలిపడి తన పూసల దండ తీసివ్వబోయారు. కుంతి ముట్టుకోలేదు. "ఊరికే ఇస్తే నాకొద్దు, అమ్మా" అని బుట్ట నెత్తికెత్తుకుంది.

మర్నాడు ఆయన పెరటి వసారాలో పూసల కార్ఖానా వెలిసింది. ఆయన రైల్వే షెడ్డులో ఫిట్టరు. ఇనుము తెలుసు, గాజు తెలియదు. తెలియని వాటిమీద ఆయనకి కోపం ఇంకా ఎక్కువ. వరహాలమ్మగారు కూరలు తరుక్కునే బల్ల లాక్కుని, కాలకుండా పైన రేకు కొట్టారు. సొంతంగా కొన్న, మంట చిమ్మే బ్లో లాంపు దానిమీద బిగించారు. పక్కన ఇసుక బాల్చీ, నీళ్ల బాల్చీ పెట్టారు. మంటకి అందుతుందని కిటికీ తెర పీకేశారు. కరిగిన గాజు చుట్టడానికి సైకిలు చక్రం పుల్లలు తెచ్చి, పూస అంటుకుపోకుండా వాటికి బంకమట్టి పూసి ఆరబెట్టారు.

"నైలాను సీరతో ఇటొచ్చేవంటే ఊరుకోను! రవ్వ పడితే ఏటౌతాదో తెలుసా?"

"నా బల్ల ఎత్తుకుపోయి నామీదేనా ఎగరడం?" అన్నారు వరహాలమ్మగారు లోపల్నించి.

గాజు కోసం ఇల్లిల్లూ తిరిగారు. "ఏటమ్మా, మీ ఇంట్లో గాజులు పగలవా?" అని గుమ్మంలో నిలబడి గద్దించేసరికి, గార్డు సుందరరావుగారి భార్య అగ్గిమీద గుగ్గిలమైంది.

"మా ఆయన నిక్షేపంలా ఉన్నాడు! పొద్దున్నే వచ్చి నా గాజులు పగలాలంటావా?"

ఆమెను సముదాయించి పగిలిన పాత గాజుల ముక్కలు నేనే అడిగి తెచ్చాను.

మొదటి పూస పుల్లమీద మెరిసి, చల్లారుతూ టప్పున చీలింది.

"ఏటే, పగలడానికి నీకేటి రోగం?"

రెండోదీ అంతే. దాన్ని ఇంకా ఘాటుగా తిట్టారు. చివరికి వరహాలమ్మగారు పొయ్యిలోని వేడి బూడిద తట్టలో తెచ్చి ఠపీమని పెట్టారు. "దానిమీద అరిస్తే ఏటొస్తాది? ఇందులో కప్పెట్టు. నెమ్మదిగా సల్లారతాది."

ఆ పూస పగల్లేదు. "మరి ముందే సెప్పలేదేం?" అని ఈసారి కోపం ఆవిడ మీద.

"ఆ యాపారి మొహాన కొడతాను ఇవి!" అని రోజూ అంటుండేవారు. నేనూ అదే నమ్మాను.

కుంతి వచ్చిన రోజు, ఆయన డబ్బాడు నీలం, ఆకుపచ్చ పూసలు ఆమె బుట్టలో కుమ్మరించారు.

"సెడిపోయిన సరుకు! ఈదిలో పారేస్తే పిల్లల కాళ్లు తెగుతాయి. కొండకి పోతన్నావు కదా, ఏ గోతిలోనో పారేసిరా. ఈ మాత్రం సాయం సెయ్యలేవేటి?"

కుంతి ఒక పూస వెలుగుకెత్తి చూసింది. అందులో చెడిపోయిందేమీ నాక్కనబడలేదు. ఆ మాటే అనబోతే, ఆయన నాకేసి ఎంత ఉరిమి చూశారంటే నా నోరు దానంతటదే మూసుకుంది.

"సరే బాబూ, పారేస్తాను" అని కుంతి వెళ్లిపోయింది.

ఇచ్చినట్టు కనబడకుండా ఇవ్వడానికి ఆ మనిషికి తెలిసిన దారి ఒక్కటే, అరవడం.

తర్వాతి వారం కుంతి మెడలో నిండుగా పూసల పేరు. పాత పూసల మధ్య కొత్త నీలాలు తళతళలాడుతున్నాయి.

"పారేయమంటే మెళ్లో ఏసుకున్నావేటి?" అని ఢిల్లీశ్వరరావుగారు అరుగు అదిరేలా అరిచారు.

కుంతి బుట్ట దింపింది. నడుం మీద చెయ్యి వేసుకుని ఆయన కంటే గట్టిగా అంది:

"పారేసినోడివి, మళ్లీ నీకెందుకు బాబూ? ఎర్రవి తక్కువయ్యాయి. అవెప్పుడు పారేస్తావు?"

వరహాలమ్మగారు ఫక్కున నవ్వారు. ఆయన చూపు అటూ ఇటూ తిరిగి, తిన్నగా నా చేతుల మీదికొచ్చి ఆగింది.

ఆ రోజు నేను ఎర్ర గాజులు వేసుకున్నాను.