రెండు గుండ్లు, ఒక వీడియో గేమ్

ఆ రోజుల్లో ఎదురుచూడటం అంటే పొద్దస్తమానం చేయాల్సిన పని. ఇవాళ ఏ వస్తువు తెప్పించుకున్నా అది ఏ ఊరు దాటిందో, ఏ గోడౌన్లో ఆగిందో ఫోను గంటగంటకీ చెబుతుంది. మాకు అలా చెప్పేవాళ్లెవరూ లేరు. బయల్దేరిన వస్తువు ఇంటికొచ్చేదాకా లేనట్టే. ఆ మధ్యకాలంలో మనిషి బుర్రలో ఏమేం పుడతాయో, మూఢనమ్మకాల మీద ఇరవై ఏళ్లుగా వ్యాసాలు రాస్తున్న నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. తొమ్మిదో తరగతిలో, చేతిలో పట్టుకుని ఆడుకునే ఒక వీడియో గేమ్ వల్ల తెలిసింది. నా వ్యాసాలు చదివి కోపంగా ఉత్తరాలు రాసే పెద్దలు ఈ సంగతి విని కాస్త శాంతిస్తారని ఆశ. (ఇక నా పక్షం వాళ్లకు కోపం వస్తుంది. అదీ న్యాయమే.)

మాది కడియం. మా నాన్నకు నర్సరీ. మా తాతయ్య, అంటే నాన్నకు నాన్న, రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకు దేవుడి మీద కోపమేమీ లేదు, ఆధారం లేని మాట మీదే కోపం. వీధి అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లందరినీ "దానికి ఆధారం ఏంటండీ?" అని అడిగేవారు. "నిన్న కాకినాడలో వాన దంచేసిందండి మాస్టారూ" అన్నా అదే ప్రశ్న. పాపం, చాలామంది వీధి చివరి నుంచే చుట్టూ తిరిగి వెళ్లేవారు. ఆ అరుగు మీద పెరిగిన నేను బళ్లో పంతుళ్లను కూడా అదే ప్రశ్న అడిగి దెబ్బలు తినేవాణ్ణి. అందుకని నా పేరు 'ఆధారం' అయింది. హాజరుపట్టీలో ఉన్న పేరు నాకే గుర్తుండేది కాదు. "ఒరేయ్ ఆధారం!" అని ఎవరైనా పిలిస్తే రెండంగుళాలు ఎత్తు పెరిగేవాణ్ణి. నేను చెప్పబోయేది ఆ పేరు నా చేతుల్లోంచి జారిపోయిన సంగతి.

ఆ ఏడాది బళ్లో వక్తృత్వ పోటీ పెట్టారు. విషయం 'మొక్కుబడులు అవసరమా?' తాతయ్య వారం రోజులు నన్ను అరుగు మీద నిలబెట్టి సాన పట్టారు. "తలనీలాలు ఇస్తే కోరికలు తీరతాయంటున్నారు. మరి బట్టతలవాళ్ల గతేమిటి? వాళ్ల కోరికలు తీరేదెలా?" అని నేను వేదిక మీద గర్జించేసరికి, అందరికన్నా ముందు మా హెడ్మాస్టరు గారే నవ్వారు (వారిది పూర్తి బట్టతల). మొదటి బహుమతి నాకే వచ్చింది. ఇంటికొచ్చాక తాతయ్య, "ఏం కావాలో అడగరా" అన్నారు. నేను ఆలోచించకుండా అడిగేశాను.

అప్పటికి మా దగ్గర ఇటుకలు పడే గేములే ఉండేవి. నలుపూ తెలుపూ, కీచుమనే ఒకే ఒక్క శబ్దం. కొత్తగా వచ్చినదానికి రంగుల తెర. ఆటలు మార్చుకోవచ్చు, అరచేతిలో ఇమిడిపోతుంది. ట్యూషన్లో మేం పదకొండు మందిమి పత్రికలో దాని బొమ్మను చూసి చూసి కాగితం అరగదీశాం. రాజమండ్రిలో దొరకలేదు. మా మొక్కల లారీ డ్రైవర్ బాబాయి గులాబీ మొక్కలతో ఢిల్లీ వెళ్తుంటే తాతయ్య అతన్ని పిలిచి, ఆ కాగితం చేతిలో పెట్టారు.

"ఆయ్, ఢిల్లీలో దొరకని వస్తువు ఉంటాదేంటండి మేస్టారూ! తెచ్చేత్తానండి" అన్నాడు అతను.

ఇంతవరకూ బాగానే ఉంది. లారీ వెళ్లిన నాలుగోరోజు ట్యూషన్లో మా బావ నోరు విప్పాడు. మా మేనత్త కొడుకు, నాకన్నా ఆర్నెల్లు పెద్ద. ఉండేది మా వెనక వీధిలోనే. వాళ్ల నాన్న మస్కట్‌లో పనిచేసేవాడు.

"మా నాన్న వచ్చే శనివారం దిగుతున్నాడు. అదే గేమ్ తెమ్మని చెప్పా. నీ లారీ నాగపూర్ దాటేలోపు నేను నాలుగు లెవెళ్లు దాటేస్తాన్రా బామ్మర్దీ!"

"మీ నాన్న తెస్తున్నాడనడానికి ఆధారం ఏంటి?" అన్నాను. 

"శనివారం మా ఇంటికి రా, చూపిస్తా."

మిగతా తొమ్మిదిమందీ నవ్వి, వాడి వైపుకు జరిగి కూర్చున్నారు. ముందొచ్చినదాని చుట్టూనే జనం మూగుతారు. రెండోది ఎంత గొప్పదైనా, అప్పటికే చూసేసిన వస్తువు. నా కడుపులో ఏదో మెలిక పడి, అది పది రోజుల దాకా విడలేదు. సాంఘికశాస్త్రం అట్లాసులో ఢిల్లీ నుంచి కడియం దాకా పెన్సిలుతో గీత గీసి, రోజుకు ఇంత దూరమని చుక్కలు పెట్టాను. రోడ్డు మీద ఏ లారీ హారన్ మోగినా అన్నం ముద్ద చేతిలోనే ఆగిపోయేది. మంగళవారం డ్రైవర్ బాబాయి ఎస్టీడీ బూత్ నుంచి నాన్నకు ఫోన్ చేశాడు. తిరుగు ప్రయాణంలో నాగపూర్ అవతల చక్రాల మీది కమాన్ కట్టలు విరిగాయట, బండి షెడ్డులో ఉందట. నాన్న "సరేలే, నిదానంగా రా" అని పెట్టేశారు. నిదానంగానా! ఆ మాటకు ఆయన్ని ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు.

బుధవారం ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ పూజగదిలోంచి అగ్గిపెట్టె తేవడానికి వెళ్లాను (నిజంగా అగ్గిపెట్టె కోసమే). గోడ మీద సత్యనారాయణస్వామి పటం ఉంది. ఒకసారి వీధిలోకి తొంగిచూసి వచ్చి, చాలా గంభీరంగా ఇలా అన్నాను: "మీరు లేరని నాకు తెలుసండి. ఆధారం లేదు. కానీ ఒకవేళ ఉంటే, శనివారం లోపల లారీ వస్తే, అన్నవరం వచ్చి తలనీలాలు ఇస్తాను. దీన్ని మొక్కు అనుకోకండి, ప్రయోగం అనుకోండి." లేనివాణ్ణి 'అండి' అని ఎందుకన్నానో తెలియదు. గోదావరి వాళ్లం, లేనివాడికైనా మర్యాద తగ్గించలేం.

శుక్రవారం సాయంత్రం లారీ వచ్చేసింది.

"సీటు కింద పెట్టి తెచ్చానండి. గతుకుల్లో ఎగిరెగిరి పడిందండి, పైన గీత కూడా పడలేదండి" అంటూ బాబాయి తువ్వాల్లో చుట్టిన పెట్టె తీసి నా చేతుల్లో పెట్టాడు. నీలంరంగు గేమ్. మీట నొక్కగానే తెర మీద రంగులు వెలిగాయి. తాతయ్య నా వెనక నిలబడి, "మొక్కుల్ని ఖండించి సంపాదించావురా!" అని భుజం తట్టారు. ఆ చెయ్యి అంత బరువుగా ఉండటం నాకు అదే మొదటిసారి.

శనివారం మస్కట్ మామయ్య దిగాడు. దుప్పట్లు, సబ్బులు, అత్తరు, టార్చిలైట్లు తెచ్చాడు. బావ కోసం ఒక చిన్న పెట్టె. విప్పితే కాలిక్యులేటర్. "ఆటలెందుకురా, ఇది ఇంజనీరింగుకి పనికొస్తుంది" అన్నాడట. బావ మూడు రోజులు ట్యూషన్‌కు రాలేదు. నాకు జాలి కలగాల్సింది. కానీ నేను ఇంకో లెక్కలో మునిగి ఉన్నాను. లారీ పదిరోజులు ఆలస్యమైనా నేనే ముందు అయ్యేవాణ్ణి కదా! అంటే ఈ మొక్కు అక్కర్లేనిది. అక్కర్లేని మొక్కు చెల్లుతుందా, చెల్లదా? ఎవర్ని అడగాలి? ధర్మసందేహాలు తీర్చేవాళ్లను వెక్కిరించి బహుమతి తీసుకున్నవాణ్ణి నేనే.

చెల్లదని తీర్మానించుకున్నాను. గేమ్ వచ్చిన అయిదోరోజున ట్యూషన్లో అందరూ మూగి ఉండగా గేమ్ తెర మసకబారి, టప్పున ఆరిపోయింది. కొత్త బ్యాటరీలు వేశాం. వెలిగింది, మళ్లీ ఆరింది. ఆ రోజే మళ్లీ వచ్చిన బావ వెనక నుంచి చూసి, పుస్తకాలు సర్దుకున్నాడు. మొక్కు ఎగ్గొట్టినందుకేనా అనిపించింది. ఇంటికొచ్చి నర్సరీలో మామిడి అంట్ల వెనక కూర్చుని, గేమును రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుని, కళ్లు మూసుకుని, "వచ్చే ఆదివారం వస్తానండి" అన్నాను. వెలిగింది! చేతులు తీసి, "ఏమో, కుదిరితే" అనుకున్నాను. ఆరిపోయింది. మళ్లీ నొక్కి దణ్ణం పెట్టాను. వెలిగింది. ఏడుసార్లు చేశాను, ఏడుసార్లూ అంతే. నా జీవితంలో అంత పకడ్బందీ ఆధారం ఇంకెన్నడూ దొరకలేదు. అది నా ప్రత్యర్థి పక్షాన దొరికింది.

ఆదివారం స్పెషల్ క్లాసని చెప్పి, కడియం స్టేషన్లో పాసింజరెక్కి అన్నవరం వెళ్లాను. కొండెక్కి కేశఖండనశాల గుమ్మం దాకా చేరాను. లోపల్నుంచి ఒక నున్నటి గుండు బయటికి వస్తోంది. గుండు కింద మా బావ మొహం. పక్కన మా మేనత్త.

"ఓరి నీ మొహం మండా! నువ్వేంట్రా ఇక్కడ? మా నాన్నకి తెలుసా?" అంది అత్త.

"పరిశీలనకి వచ్చానత్తా."

"ఆ, పరిశీలించు, పరిశీలించు. మీ బావ చూడు, పరీక్షలు బాగా రాయాలని మొక్కుకున్నాడంట పిచ్చినాగన్న. ఎంత మంచి బుద్ధో! మీ తాతయ్యకి చెప్పనులే. ఆయనకి తెలీకుండా నేను ఎన్నిసార్లు వచ్చానో ఇక్కడికి!" అని ప్రసాదం తేవడానికి వెళ్లింది.

బావ నన్ను గోడవారకు లాగాడు. "పరీక్షలూ లేవు, గిరీక్షలూ లేవు. నీ గేమ్ పాడవ్వాలని మొక్కుకున్నాన్రా. పాడైంది. ఇచ్చేశా."

 నా మొక్కు తీర్చనందుకు పాడైందా, వాడి మొక్కు తీరినందుకు పాడైందా? ఒకే ఫలితానికి రెండు కారణాలు, రెండింటికీ ఆధారాలున్నాయి.

"మరి ఇప్పుడు బాగవ్వాలంటే ఎలా బావా?" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

వాడు కాసేపు గుండు తడుముకుని, "సారీ రా. వెళ్లి నువ్వూ కూర్చో. రెండు గుండ్లు చూస్తే ఆయనే ఏదోటి తేలుస్తాడు" అన్నాడు.

వెళ్లి కూర్చున్నాను. "తల వంచు నాయనా" అన్నాడు కత్తి పట్టుకున్నాయన. వంచాను.

సాయంత్రం తలకు తువ్వాలు చుట్టుకుని ఇంట్లో దూరబోతుంటే అరుగు మీద నుంచి పిలుపు వినిపించింది. "ఇలా రా. ఏంటా తువ్వాలు?"

"పేలు పట్టాయి తాతయ్యా. తీయించేశా."

తాతయ్య తువ్వాలు తీసి, నా తల మీద అరచెయ్యి పెట్టి, ఆ చెయ్యి వాసన చూసుకున్నారు. "పేలకు గంధం రాస్తారని నాకు తెలీదే!"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. పూజగది నుంచి బావ గుండు దాకా మొత్తం చెప్పేశాను. ఆయన అన్నీ విని, "దణ్ణం పెట్టేటప్పుడు గేమ్ ఎలా పట్టుకున్నావో చూపించు" అన్నారు. చూపించాను. వెలిగింది. "చెయ్యి వదులు." ఆరింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, గేమును వెనక్కి తిప్పి, బ్యాటరీల మూత ఊడదీశారు. లోపల స్ప్రింగు ఒకటి వదులై పక్కకు ఒరిగి ఉంది. నాగపూర్ గతుకుల పుణ్యం. చాక్లెట్ వెండికాగితాన్ని మడిచి అక్కడ దోపారు. దణ్ణం లేకుండానే వెలిగింది, ఇక ఆరలేదు.

తిడతారని చూస్తున్నాను. తిట్టలేదు. మూత బిగించి, "భయమేసిందా?" అన్నారు.

"చాలా వేసింది తాతయ్యా."

"మన ఉపన్యాసంలో ఆ ముక్క లేదు చూడు. రాయించినవాణ్ణి, నాకూ తట్టలేదు" అన్నారు. ఆయన తన తప్పు ఒప్పుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

మర్నాడు ట్యూషన్లో తువ్వాలు లేకుండా నిలబడి, మొక్కుకున్నాననీ, భయమేసి ఇచ్చాననీ, చివరికి తేలింది స్ప్రింగనీ చెప్పాను. (బావ మొక్కు సంగతి మాత్రం ఎత్తలేదు. వాడు నా వైపు చూసిన చూపు నాకు చాలు.) పదిమందీ కడుపు పట్టుకుని నవ్వారు. 'ఆధారం' అనే పేరు ఆ పూటతో పోయింది. ఇప్పటికీ కడియంలో నేను 'స్ప్రింగు'నే. గేమ్ మాత్రం ఆ రోజు నుంచి నాకూ బావకూ ఉమ్మడి అయింది. ఈ సంగతి వచ్చినప్పుడల్లా వాడు ఫోన్లో, "స్ప్రింగు వదులైందంటావ్ సరే, వదులు చేసిందెవర్రా?" అంటాడు. గతుకులంటాను. "గతుకులు పెట్టిందెవరు?" అంటాడు. అక్కడ నాగపూర్ రోడ్ల వాళ్లను తిట్టి ఫోన్ పెట్టేస్తాను.

మొన్న మా అమ్మాయికి కొత్త గేమ్ ఆర్డర్ పెట్టాం. ఆమె స్నేహితురాలికి కూడా అదే రావాలి, ముందెవరికి వస్తుందోనని ఇంట్లో అన్నాలు మానేసేంత గొడవ. ఫోనేమో మూడు రోజులుగా అది విజయవాడలోనే ఉందంటోంది. "నాన్నా, వస్తుందంటావా?" అని మా అమ్మాయి పదోసారి అడిగినప్పుడు, ఆ కళ్లల్లో నాకు బాగా తెలిసిన మెలిక కనిపించింది. ఆధారాలతో ధైర్యం చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా నా చెయ్యి దానంతటదే నా తల మీదకు పోయింది. నున్నగా తగిలింది. ఇవ్వడానికి ఒక్క వెంట్రుకా లేదు. ఎప్పుడో వేదిక మీద గర్జించి అడిగాను, బట్టతలవాళ్ల గతేమిటని. సమాధానం ఇంకా ఎవరూ చెప్పలేదు.