పసుపు కింది శాసనం

అరవయ్యో దశకం మొదట్లో సంగతి. పరకాల దగ్గర ఒక చెరువు కట్ట కింద రాతలున్న పాత బండ ఉందని తెలిసి వెళ్లాను. పైభాగాన సూర్యుడు, చంద్రుడు, నడుమ ఆవూ దూడా. కింద వరుసలుగా అక్షరాలు. పసుపూ నూనే పేరుకుపోయి ఒక్క అక్షరమూ ఆనలేదు. ఊరికి అది అమ్మవారు.

రోజూ పసుపు రాసే ముసలమ్మతో వాదనకు దిగాను. "అమ్మవారు గాదవ్వా, శాసనం. ఎవరో భూమి దానమిచ్చి రాయించిండ్రు. సూర్యచంద్రులు ఉన్నన్ని దినాలు ఆ మాట చెల్లాలని ఈ బొమ్మలు."

"నాకు అచ్చరం రాదాయె బిడ్డా. బొమ్మ కనవడ్తది, మొక్కుత."

సభల్లో విగ్రహారాధనను దులిపేసే నాకు ఆ జవాబు రుచించలేదు. కుంకుడు రసంతో బండంతా కడిగాను. అక్షరాల మీద తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి గుంతల్లోకి దింపాను. కాస్త ఆరితే సిరా అద్ది ప్రతి తీయవచ్చు.

అప్పుడు వినబడింది సుత్తి దెబ్బ. రోడ్డు కంకరకు బండలు కొట్టేవాళ్లు కట్ట వెంబడి ఇటే వస్తున్నారు.

"దీన్ని గూడ కొడ్తరా అవ్వా?"

"పసుపున్నన్నాళ్లు ముట్టలే. నువ్వు కడిగి ఉత్త బండ జేస్తివి."

 పరుగెత్తి వాళ్ల మేస్త్రీకి చెప్పాను, అక్కడొక శాసనముంది, అది మన చరిత్ర అని. అతను నవ్వాడు. "గుత్తేదారు కంకర అడుగుతడు సారూ, చరిత్ర అడుగడు."

తిరిగొచ్చేసరికి కాగితం ఇంకా చెమ్మగానే ఉంది. ఆగే వ్యవధి లేదు. సిరా అద్ది, ఎక్కడ చిరుగుతుందోనని బిక్కుబిక్కుమంటూ ఊడదీశాను. ప్రతి దక్కింది. మరి బండ?

"అవ్వా, పసుపున్నదా?"

ఆమె కొంగుముడి విప్పుతూ, "అమ్మవారు గాదంటివి గద సారూ?" అంది.

"ఇప్పుడు గూడ గాదు. జల్ది ఇయ్యి."

సూర్యుడికీ చంద్రుడికీ ఆవుకూ దూడకూ దట్టంగా పట్టించాను. అక్షరాల జోలికి పోలేదు. చదవలేనివాడు కూడా చెయ్యి వెనక్కి తీసుకోవాలనే ఆ శిల్పి రాత మీద బొమ్మ పెట్టి ఉంటాడు. ఇందులో మహిమ లేదు, మనిషి తెలివి ఉంది. మేస్త్రీ వచ్చి చూశాడు. చెప్పులు విడిచి దండం పెట్టి, పక్క బండ దగ్గరికి నడిచాడు.

బస్సు పరకాల దాటగానే చినుకులు మొదలయ్యాయి. కాగితపు చుట్టను గుండెకు హత్తుకుని మబ్బు వంక చూస్తూ కూర్చున్నాను. ఈ వానకు పసుపు నిలవదు. అవ్వ మళ్లీ రాస్తుందా? లేక నా మాట నమ్మి మానేస్తుందా?