ఈగలకు పసుపు

గాలానికి ఈగ కట్టడం కూడా ఒక ఉద్యోగమేనని పెళ్లయి ఈ బెంగాలీల షాలిమార్ వచ్చేదాకా నాకు తెలియదు. నది అవతల భవానీపూర్‌లో ఒక పాత మేడ మీద ఆ పని జరిగేది. చల్లటి దేశాల సెలయేళ్లలో ట్రౌట్ అనే చేప ఉంటుందట. దానికి వానపాము వేస్తే కుదరదు. పట్టుదారంతో, కోడి ఈకలతో కట్టిన ఈగ కావాలి, అదీ తాతలనాటి నమూనా ప్రకారం. చేపకి ఇంత గీరేమిటని నవ్వుకున్నాను గానీ, పని మీద మాత్రం మనసు పడ్డాను.

యజమాని బెంగాలీ ముసలాయన. అద్దాల పెట్టెలోంచి పాత ఈగ ఒకటి తీసిచ్చి, అలాంటివి ఒక డజను ఇంటి దగ్గర కట్టి తెమ్మన్నాడు. నచ్చితేనే పని. ఈక జారిపోతుంటే తిట్టుకుంటూ, దారం తెగితే మళ్లీ మైనం రాసుకుంటూ కుస్తీ పట్టాను. చివరికి రెక్కలు మీగడ రంగులో, నమూనాకి అచ్చు గుద్దినట్టు వచ్చాయి. నా వేళ్లు నాకే ముద్దొచ్చాయి.

పొద్దున్నే డబ్బా పట్టుకుపోయాను. ఆయన మూత తీసి, వాళ్ల భాషలో కోడల్ని పిలిచినట్టు, "ఈ పసుపేమిటి బౌమా?" అన్నాడు. చూస్తే ప్రతి రెక్క మీదా పసుపు మరక.

ఇంకెవరు, మా అత్త. కొత్త చీరైనా, రవికైనా అంచుకి పసుపు పెట్టందే ఒంటికి తగలనివ్వదు. నేను స్నానానికి వెళ్లినప్పుడు ఈగలకీ పెట్టేసింది. ఉన్నమాట చెప్పాను. పాత నమూనా అంటే మన ఇష్టం కాదని ఆయన డబ్బా తిరిగిచ్చేశాడు.

దారిలో ఏదో ఊరేగింపు అడ్డం వచ్చి బస్సు ఆగిపోయింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నా కోపం కండక్టరు మీద పడింది. ఇంటికి రాగానే అత్తని అడిగాను.

"ఏటి సేసినావత్తా?"

"సుబమని ఎట్టినానే. నీ సేత్తో సేసిన తొలి పని కదేటి."

ఆ పసుపు మరకలకే ఆయన డబ్బా తిరిగిచ్చేశాడని మాత్రం చెప్పాను. మర్నాడు ఆవిడే మంచి చీర కట్టుకుని నాకంటే ముందు గుమ్మం దిగింది.

మేడెక్కగానే ముసలాయనతో, వాళ్ల తీరున అన్నా అని పిలుస్తూ, "తప్పు నాది దాదా. మా కోడలు గుంట పనికి ఒంక లేదు. నీ ఎదరే కట్టమను. నాను ముట్టుకోను" అంది. అని, చేతులు రెండూ కొంగులో దాచుకుని గోడవార కూర్చుంది.

నేను కట్టాను. వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆయన పాత ఈగనీ నా ఈగనీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"రేపటి నుంచి రా బౌమా."

అత్త కదల్లేదు. కొంగులోంచి చేతులు తియ్యకుండానే, "ఇప్పుడు ముట్టుకోవచ్చా దాదా?" అని అడిగింది.

ఆయన సరేనన్నాడు. ఆవిడ లేచి వచ్చి, అక్కడ ఈగలు కట్టేవాళ్లందరి ముందూ నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.