మేనమామ వచ్చే దారి

వేలూరు చూడవచ్చేవాళ్ళకు కోట ఉంది, బంగారు గుడి ఉంది. గుడియాత్తం దాటి, మామిడి తోటల వెంబడి ఆంధ్రా సరిహద్దు కొండ కిందికి వచ్చేది మాత్రం మాలాగా కులదైవం అక్కడున్నవాళ్ళే. మా అత్తగారింటి కులదైవం పసుపు పూసిన నాలుగు రాళ్ళు. పైన కప్పు కూడా లేదు. అయినా ఆ ఇంట పుట్టిన ఏ బిడ్డకైనా పుట్టువెంట్రుకలు అక్కడే తీయాలి, అదీ మేనమామ ఒడిలో కూర్చోబెట్టి.

మా పాప మేనమామ అంటే నా తమ్ముడు. వాడికి పలమనేరులో ఉద్యోగం. మేము వేలూరు నుంచి వ్యానులో వచ్చాం. వాడు అవతలి వైపు నుంచి బండి మీద అడవి దారిన రావాలి. బయలుదేరుతున్నానని పొద్దున ఫోను చేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా కలవలేదు. కొండ కింద సిగ్నలు ఎప్పుడూ ఇంతేనని మా ఆయన సర్దిచెప్పారు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడు దగ్గరే ఆగిపోయే రకం.

అంతలో మామిడి తోట కావలి మనిషి వచ్చి వ్యానును రోడ్డు మీద నుంచి తోటలోకి తిప్పమన్నాడు. ఎందుకని అడిగాం.

"గున్నను ఎంటేసుకొని ఏనుగు ఘాటు రోడ్డు మీదికి వచ్చుండాది. ఈ పొద్దు అట్ల ఎవురూ పోవద్దండి."

మా తమ్ముడు రావలసింది ఆ రోడ్డు మీదే. పిల్లతో ఉన్న ఏనుగు ఊరికే కూడా మీదికొస్తుంది. ముందుకు పోయి చూసొస్తానని మా ఆయన కదిలితే కావలి మనిషి పోనివ్వలేదు.

పొంగలి పొంగింది. క్షౌరం చేసే పెద్దాయన కత్తి కడిగి పెట్టుకున్నాడు. పాప తల తడిపారు. నేను దారి తప్ప ఇంకేదీ చూడడం లేదు. కొండ వైపు నుంచి టపాకాయల మోత వినబడింది. ఏనుగును తరుముతున్నారు, ఇంక భయం లేదని అందరూ తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. తరిమితే అది ఎటు పరిగెత్తుతుందో ఎవరూ అనుకోలేదు. నేను అనుకున్నాను.

మా అత్త నా పక్కకు వచ్చింది. "నల్ల నేరం దాటిపోతాండాదమ్మా. మీ పెదనాయన కొడుకు ఉండాడు గదా, ఆయప్ప కూర్చుంటే ఏమి?"

నల్ల నేరమంటే అరవంలో మంచి ముహూర్తం, అది దాటకూడదన్నది ఆమె బాధ. వ్యానులో మాతో వచ్చిన ఆ అన్న కూడా వరసకు మేనమామే. పాపం, అప్పటికే పంచె సర్దుకుంటున్నాడు. శాస్త్రానికి తప్పేమీ లేదు. కానీ తమ్ముడు దారిలో ఉండగా వాడి చోట ఇంకొకరిని కూర్చోబెట్టడమంటే, వాడు రాడని నా నోటితో నేనే అన్నట్టు. పాపను గుండెకు హత్తుకున్నాను.

"నా తమ్ముడు వస్తాడత్తా. వాడే కూర్చుంటాడు."

అత్తకు ఎదురు చెప్పడం నాకు అదే మొదలు. ఆమె మొహం ముడుచుకుంది.

చివరికి తమ్ముడు రోడ్డు మీద నుంచి కాదు, తోటలోంచి నడిచి వచ్చాడు. బండి లేదు. ఒక కాలికే చెప్పుంది. మోచేయి గీరుకుపోయింది. బండి యాడరా అని అరిచాను. నవ్వాడు. "ఏం కాలేదక్కా. దూరంగానే ఉన్నింది. బండి ఆడే వదిలేసి వచ్చినా." మంచినీళ్ళు తాగి, అందరితో హాస్యాలాడుతూ కూర్చున్నాడు. పాపను ఒడిలో పెట్టాను.

పెద్దాయన కత్తి ఆనించబోయి వెనక్కి తీసుకున్నాడు. తమ్ముడి మోకాళ్ళు వణుకుతున్నాయి. వాటితో పాటు పాప తల కూడా ఊగుతోంది. వాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఇంక ఆలస్యమెందుకని అత్త గద్దిస్తుందనుకున్నాను. ఆమె వచ్చి వాడి ఎదురుగా నేల మీద కూర్చుంది. రెండు చేతులూ వాడి మోకాళ్ళ మీద వేసి అదిమి పట్టుకుంది.

"నేరం యాడికీ పోదులే నాయనా. నీ కాళ్ళు నిలవనీ."

అప్పుడు ఆపాడు నవ్వడం. పాప తడి తల మీద మొహం ఆనించుకొని ఏడ్చాడు.