రుకానా పూడ్చిన రంధ్రాలు

రుకానా తన కళ్లను నమ్మేది కాదు. చెక్కిన నెమలి ఎంత మెరిసినా సరే, కుడిచేతి మూడు వేళ్లు దాని మెడ మీద ఒకసారి నడిచి వస్తేగానీ ఆమెకు నిజం తెలిసేది కాదు. ఎక్కడో ఒక ఈక మొదట్లో ఉప్పు కాగితం అందని చోటు వేలికి తగిలేది.

"వీడికింకా గడ్డం గీయలేదే," అనేది పక్కన కూర్చున్న ముంజియాతో.

"నెమలికి గడ్డమేంటక్కా?"

"మగ నెమలి కదా. పెళ్లికి వెళ్లే రోజు కూడా గీసుకోడు."

జావా దీవిలోని జెపారాలో చెక్కేవాళ్లకి పేరుంది. పేరు మగవాళ్లది, దుమ్ము ఆడవాళ్లది. మగవాళ్లు ఉలితో పూలూ పక్షులూ చెక్కి, సిగరెట్టు వెలిగించుకుని లేచిపోయాక, రేకుల కింద వరసగా కూర్చున్న ఆడవాళ్లు వాటిని రుద్ది రుద్ది నునుపు చేస్తారు. పురుగు తిన్న టేకులో రంధ్రం కనిపిస్తే, అదే టేకు పొడిని చిటికెడు తీసి అందులో కూరి, పైన నీళ్లలాంటి జిగురు ఒక చుక్క వేస్తారు. అది ఆవిరి కక్కి క్షణంలో రాయవుతుంది. దాని మీద మళ్లీ రుద్దుతారు. మిగతావాళ్లు పూడ్చినచోట చిన్న మచ్చ మిగిలేది. రుకానా పూడ్చితే చెక్క కూడా మర్చిపోయేది తనకొకప్పుడు రంధ్రం ఉండేదని. ఆమె తల్లీ ఇదే పని చేసింది. రుకానా మొగుడు బోర్నియో తోటల్లో పనికని వెళ్లి అక్కడే ఎవరితోనో ఉండిపోయాక, ఇల్లు ఆ మూడు వేళ్ల మీదే నిలబడింది.

రుద్దిన దుమ్మును గాలి గన్నుతో ఊదాలి. కంప్రెసర్ నుంచి నాలుగు గొట్టాలు, నాలుగు గన్నులు. పాతవి ఉత్త ఇత్తడి మూతులవి. మీట నొక్కితే గాలి ఒక్క దారిన ఈటెలా వచ్చేది. ఆ ఏడాది విదేశాల్లో కుర్చీలు అమ్ముకునే కంపెనీవాళ్లు తనిఖీకి వస్తున్నారనీ, ఇలాంటి గన్నులు చూస్తే సరుకు కొనరనీ యజమానికి తెలిసింది. వెంటనే ఆయనకు పనివాళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కంప్రెసర్ చూసుకునే తర్విడిని పిలిచి, వాళ్లు ఒప్పుకునే రకం కొనుక్కురమ్మన్నాడు.

తర్విడి ఇరవై ఏళ్లు ఆ యంత్రం పక్కనే ఉండి ఒక చెవి పోగొట్టుకున్నవాడు. కొట్లో ఒక్కో గన్నునూ గొట్టానికి తగిలించి, దాని మూతిని బల్లకి అదిమి, మీట నొక్కి చూశాడట. ఒకటి బుసకొట్టలేక బిగుసుకుపోయి వణికింది. ఇంకొకదాని ఇత్తడి మూతికి అటొకటి ఇటొకటి సన్నటి రంధ్రాలున్నాయి. ముందు దారి మూసినా గాలి పక్కల నుంచి తప్పుకుపోయింది. ఆ రకమే నాలుగు తెచ్చాడు. మర్నాడు ఆడవాళ్ల ముందు నిలబడి, పెంకు ముక్క మీద మూతి ఆనించి చూపించాడు.

"చూశారా? మూతి మూసుకుపోతే గాలి పక్కకి పోతుంది. మీ ఒంట్లోకి దూరదు. అయినా సరే మనిషి మీదకి మాత్రం తిప్పొద్దు. బట్టలు దులుపుకోవడానికి బ్రష్షు పెట్టాను, అక్కడ. కళ్లద్దాలు పెట్టుకోండి. ప్రెషర్ ముల్లు ఈ ఎర్రగీత దాటకూడదు."

"నోరు మూస్తే పక్కలనుంచి మాట్లాడుద్దన్నమాట," అంది ముంజియా. "అచ్చం మా అత్తే."

అందరూ నవ్వారు. తర్విడి కూడా నవ్వాడు. వినపడి నవ్వాడో, నవ్వుతున్నారని నవ్వాడో తెలియదు.

తనిఖీవాళ్లు వచ్చారు, గన్నులకి ఫోటోలు తీసుకున్నారు, వెళ్లిపోయారు. ఆ తర్వాత అసలు సంగతి బయటపడింది. కొత్త గన్ను గాలి మెత్తన. లోతుగా చెక్కిన ఈకల అడుగుకి అది చేరదు. దుమ్ము అక్కడే ఉండిపోతుంది, దానిమీద వార్నిష్ వేస్తే ఇసుక చల్లినట్టవుతుంది. కూలి ముక్కకింత అని. తిరిగొచ్చిన ముక్కకి ఏమీ లేదు. సన్నటి బ్రష్షు పెట్టి ఒక్కో ఈకనీ గీకవచ్చు. కానీ అంతసేపూ కూర్చుంటే పొయ్యిలో పిల్లి లేవదు.

మేస్త్రీ కస్నావి నెమలిని తెచ్చి రుకానా ముందు పెట్టాడు. "అక్కా, నీ చేతి పని ఇలా వస్తే ఇంక మిగతావాళ్లని అని ఏం లాభం? రెక్క కింద పిండి జల్లెడ పట్టావా?"

ఆమె పనిలో ముక్క తిరిగిరావడం అదే మొదలు. చెవులు ఎర్రబడ్డాయి. కస్నావి వెళ్లాక గన్ను చేతిలోకి తీసుకుంది. బుద్ధి ఆలోచించకముందే వేళ్లు ఆ రంధ్రాల దగ్గరికి వెళ్లాయి. అవి అక్కడ ఎందుకున్నాయో ఆమెకి తెలుసు, పెంకు ముక్కా చూసింది. కానీ రంధ్రం తగిలితే పూడ్చడం ఆమెకి రెప్ప వేయడం లాంటిది. చిటికెడు టేకు పొడి కూరింది, జిగురు చుక్క వేసింది, రుద్దింది. మీట నొక్కితే గాలి ఒక్క దారిన వెళ్లి ఈకల అడుగు దాకా తవ్వింది.

"అక్కా, నాదీ!" అంది ముంజియా. మూడోదీ నాలుగోదీ వాటంతటవే ఆమె ఒడిలోకి వచ్చాయి. చేతుల మురికి పట్టాక ఇత్తడేదో టేకేదో తెలియకుండా పోయింది.

తర్విడికి మిగిలిన ఒక్క చెవీ మంచిదే. గాలి గొంతు మారిందని పట్టేసింది. వచ్చి గన్ను లాక్కుని గోటితో గీకాడు.

"దీని రంధ్రాలేవక్కా?"

"ఏ రంధ్రాలన్నా?"

"ఇదేమన్నా పురుగు తిన్న చెక్కనుకున్నావా పూడ్చడానికి? ఇవి నీ చేతికోసం పెట్టినవి!"

"అన్నా, నా చేతికి ముక్క కావాలి, రంధ్రం కాదు. మొన్న తిరిగొచ్చిన నెమలిని నువ్వేమన్నా మా ఇంటికి తీసుకెళ్లి వండి పెట్టావా?"

ఆడవాళ్లు పకపక నవ్వారు. తర్విడి సూది తెచ్చి రంధ్రాలు తెరుస్తానన్నాడు. సరుకు ఓడ ఎక్కేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోవద్దన్నాడు కస్నావి. సరే, ప్రెషరైనా తగ్గిద్దామని తర్విడి ముల్లును ఎర్రగీత కిందకి దించాడు. సాయంత్రానికి కస్నావి పైకి తిప్పాడు. ఇతను దించేవాడు, అతను ఎక్కించేవాడు. ఒకరోజు తర్విడి దించడం మానేశాడు. మనిషి లొంగిపోవడానికి పెద్ద యుద్ధం ఓడిపోనక్కర్లేదు, రోజూ అదే మరను తిప్పి తిప్పి విసుగొస్తే చాలు.

మధ్యాహ్నం నమాజు పిలుపుకి ముందు ఆడవాళ్లు ఒకరి వీపు మీద ఒకరు గాలి కొట్టుకుని దుమ్ము దులుపుకునేవారు. బ్రష్షు మేకుకే వేలాడుతుండేది. దుమ్ము ఒంటిమీద ఉంటే నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ నీళ్లు బురదవుతాయి. ఆ రోజు రుకానా చూపుడువేలి మొదట్లో ఉలి అంచు కోసిన గాటు ఉంది. అందులో టేకు పొడి గట్టిగా పట్టుకుంది. నీళ్లకి వెళ్లేముందు అదీ శుభ్రం చేద్దామని, గన్ను మూతి గాటు మీద ఆనించి మీట నొక్కింది.

చప్పుడు రాలేదు. అదే వింత. పక్కలకి పోవలసిన గాలికి పక్కలు లేవు. అరచెయ్యి నూనెలో పడ్డ అప్పడంలా ఆమె కళ్లముందే పొంగింది.

"అక్కా, బూరె అయిపోయిందే!" అని నవ్విన ముంజియా, ఆ చెయ్యి పట్టుకుని చటుక్కున వదిలేసింది. చర్మం కింద ఏదో మంచు నలిగినట్టు కరకరమంది.

తర్విడి పరుగెత్తి వెళ్లి గాలి కట్టేశాడు. "ఆసుపత్రికి పదండి. ఇప్పుడే. లోపలికి గాలొకటే పోలేదు, కంప్రెసర్ నూనె, దుమ్ము, అన్నీ పోయాయి."

"గాలే కదయ్యా," అన్నాడు కస్నావి. "వచ్చిన దారినే పోద్ది. అక్కా, ఇంటికెళ్లి పడుకో."

రుకానాకి అప్పుడు నొప్పి కూడా అంతగా లేదు. ఆసుపత్రికి పోతే ఒక పూట కాదు, వారం పోతుంది. జలుబుకైనా జ్వరానికైనా ఒంట్లో గాలి చొరబడిందనే అంటారు ఆ ఊళ్లో, దానికేం చేయాలో పసిపిల్లలకీ తెలుసు. ఇంటికెళితే తల్లి నూనె రాసి, నాణెంతో ముంజేయి నుంచి వేళ్లదాకా ఎర్రటి చారలు తేలేలా గీకింది. "చూడవే, గాలి దిగుతోంది," అంది. దిగలేదు. తెల్లారేసరికి మోచేయి దాకా ఎక్కింది, జ్వరం కాచింది. తర్విడి వచ్చి చూసి, తన బండి మీద ఎక్కించుకున్నాడు.

ఆసుపత్రిలో అరచెయ్యి కోసి కడిగారు, మళ్లీ కోసి మళ్లీ కడిగారు. చెయ్యి దక్కింది. మూడు వేళ్లు బతికాయి గానీ వాటికి ఏమీ తెలియదు. యజమాని పంచదార, నూనె డబ్బా, ఒక మాట పంపించాడు. మాట ఏమిటంటే, జాగ్రత్తగా ఉండవలసింది అని.

కట్టు విప్పాక రుకానా తన చోటికి వెళ్లి కూర్చుంది. ఎవరూ ఆక్రమించకుండా ముంజియా అక్కడ పీట వేసి ఉంచింది. నెమలి మెడ మీద వేళ్లు నడిపింది. ఎవరిదో చెయ్యి పట్టుకుని నెమలిని నిమిరినట్టుంది. ఎడమ చెయ్యి కొత్త కోడలు, ఏది ఎక్కడుందో దానికేమీ తెలియదు. కళ్లతో చూసి రుద్దింది. ముక్క తిరిగొచ్చింది. రెండోదీ వచ్చింది. అట్టలు చుట్టే పనికి పంపారు, ముడి నిలవలేదు. ఇంక రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. ఆమే మానేసింది.

వానాకాలంలో ఒక సాయంత్రం తర్విడి గన్ను మూతులున్న సంచీతో వచ్చి గడపలో కూర్చున్నాడు. తనిఖీవాళ్లు మళ్లీ వచ్చారట. వాళ్లకోసం రంధ్రాలన్నీ తెరిపించారట. మళ్లీ ఫోటోలు తీసుకుని మెచ్చుకుని వెళ్లారట.

"ఇప్పుడు మళ్లీ మూయాలంటున్నాడు కస్నావి. మిగతా ఆడవాళ్లు పూడ్చినవి పూటకే ఊడొస్తున్నాయి. నీవి ఒక్కటీ ఊడలేదక్కా. సూదికి కూడా లొంగలేదు, మేకు పెట్టి పొడిచాం."

"నువ్వు తెచ్చావా అన్నా ఇవి? నువ్వా?"

తర్విడి వాన వైపు చూశాడు. "ఒంటి చెవోణ్ని ఇంకెవరు పెట్టుకుంటారక్కా?"

ఆమె సంచీలోంచి ఒక మూతి తీసింది. వేళ్ల మధ్య తిప్పింది. ఇంకోసారి తిప్పింది.

"రంధ్రం ఎటువైపుంది?"

అతను ఆమె వేలు పట్టుకుని ఒకచోట పెట్టాడు. "ఇదుగో."

"ఇప్పుడు నా వేలు దానిమీదే ఉందా?"

"ఉందక్కా."

చాలాసేపు ఆమె ఆ వేలు తీయలేదు. తర్వాత మూతిని సంచీలో వేసి, సంచీని అతని వైపు తోసింది. "తీసుకుపో. తెరిచే ఉంచమని నేనన్నానని చెప్పు. నా చెయ్యి చూసి చెబుతున్నానని చెప్పు."

"చెబుతాను," అన్నాడు తర్విడి. చెప్పే ఉంటాడు.

ఆ షెడ్డు వాళ్ల ఇంటి వెనక కాలవకి అవతలే. కొన్నాళ్లపాటు గాలి రెండు గొంతులతో వినబడేది, ముందు నుంచి ఒకటి, పక్కల నుంచి సన్నగా ఇంకొకటి. బియ్యం కడుగుతూ రుకానా ఆ రెండో గొంతు కోసమే వినేది. ఒక పొద్దున అది లేదు. సాయంత్రానికైనా పూడిక ఊడుతుందేమోనని ఎదురుచూసింది. మర్నాడూ చూసింది. ఊడలేదు. పొడి ఎంత కూరాలో, జిగురు ఏ క్షణాన వేయాలో అన్నేళ్లూ రుకానా పక్కన కూర్చుని చూసింది కదా.

"ముంజియాకి పని వచ్చేసిందమ్మా," అంది తల్లితో.