రాహుకాలంలో ఆపని స్విచ్చి

మొన్న ఫోన్లో మీరిద్దరూ కొట్లాడుకోవడం విన్నాను. నూనెతో ఎగిరే బొమ్మ విమానం కొన్నారట, అందులో రేడియోకు పెద్ద బ్యాటరీ పెట్టాలా చిన్నదా అని తగువు. మధ్యలో నేనేదో అనబోతే "నీకేం తెలుస్తాదిలే అవ్వా" అని నవ్వారు. తెలుసు నాన్నా. మెల్లగా మాట్లాడతాను గనక నాకు కోపం రాదనుకుంటారు. ఈ ఒక్క సంగతి మీద డెబ్బై ఏళ్లుగా ఉంది.

అప్పుడు మేం పట్నంలో, హార్బరు దగ్గర జార్జి టౌన్లో పెదనాన్న ఇంట్లో ఉండేవాళ్ళం. మా అన్న తేలిక చెక్కతో, పలచటి కాగితంతో విమానం కట్టాడు. ఇంజను మూర్ మార్కెట్లో పాత సామాన్ల మధ్య దొరికింది. దానికి పోసే నూనెలో ఆముదం కలిపేవాడు. చంటిబిడ్డకు తలంటిన ఇల్లులా ఉండేది వాసన. ఇంజను నూనెతోనే తిరిగేది గాని, గాల్లో ఉన్నదాన్ని కిందనుంచి మళ్ళించాలంటే లోపల రేడియో ఉండాలి, దానికి బ్యాటరీ ఉండాలి. చిన్న సెల్లు తేలికే, కాని ఆ కాలపు రేడియోలో వాల్వనే గాజుబుడ్డి వెలగాలి గదా, ఎసట్లో బియ్యం ఉడికేలోపల సెల్లు చచ్చేది. టార్చిలైటు లావు సెల్లు బరువు, కాని పొద్దంతా నిలిచేది. పొయ్యి దగ్గర కూర్చుని రెండూ పరీక్ష చేసింది నేనే. "లావుదే పెట్టన్నా" అన్నాను. పెట్టాడు. మైదానంలో ఒక్కసారి నన్నూ విమానాన్ని తిప్పే మీట నొక్కనిస్తానని మాటిచ్చాడు.

శనివారం పొద్దున ఐలాండ్ గ్రౌండు మైదానానికి పోయాం. పెదనాన్న విమానాన్ని ఎత్తి చూశాడు. "ఏందిరా ఇది, ఎనుము మాదిరి బరువుగా ఉండాదే! చిన్నది పెట్టు పో." అన్న మార్చాడు. "తొమ్మిదికి రాహుకాలం. ముందే రేడియో స్విచ్చి వేసెయ్, మంచి గడియలో మొదలైనట్టు" అన్నాడు పెదనాన్న. అన్న వేశాడు. ఇంజను మొరాయించింది. ఫ్యాను తిప్పీ తిప్పీ అన్న వేళ్ళు కమిలాయి. తొమ్మిది దాటింది.

"అన్నా, స్విచ్చి ఆపు. సెల్లు అయిపోతాది."

"నోర్ముయ్యవే!" అన్నాడు పెదనాన్న. "ఇప్పుడాపితే మళ్ళా రాహుకాలంలో మొదలుపెట్టినట్టేగదా!"

అన్నకు తెలుసు. నావైపు చూశాడు, ఆయనవైపు చూశాడు, ఆపలేదు.

చివరికి విమానం లేచింది. అబ్బ, ఎంత అందంగా లేచిందనీ! అన్న మీట నొక్కాడు. అది తిరగలేదు. మళ్ళీ నొక్కాడు. నేరుగా హార్బరు మీదుగా పోయి సముద్రంలో కలిసిపోయింది.

"ఆడపిల్ల చెయ్యి పెట్టింది, ఇంకేడ తిరిగొస్తాది!" అన్నాడు పెదనాన్న.

ఆయన ఎప్పుడూ అంతే. అన్న మాత్రం, అన్నీ తెలిసిన అన్న, తల వంచుకుని "అవును పెదనాయనా" అన్నాడు. మరుసటి ఏడు ఇంకొకటి కట్టాడు. అందులో లావు సెల్లే పెట్టాడు. అది ఎగిరిందట, చెప్పినట్టల్లా తిరిగిందట. నన్ను మాత్రం మైదానానికి తీసుకుపోలేదు.

ఎందుకని అడగడానికి అప్పుడు నాకు నోరు లేదు. కాలం నాకు నోరిచ్చేసరికి, వినవలసిన ఇద్దరినీ తీసుకుపోయింది.