గోనెపట్టా మీద కూర్చోబెట్టిన టీచరమ్మ

రామన్నపేటలో బస్సు దిగుతుంటే, నాతోపాటు శిక్షణ పొందిన పంతులు ఒకాయన ఎదురొచ్చాడు. "మన టీచరమ్మ పోయిందక్కా. మొన్ననే మట్టి చేసిన్రు. నీకు ఎవ్వలు చెప్పలేదా?" అన్నాడు. "పెద్దామె, పాపం. మంచం పట్టి తీసుకోకుండ పోయింది, మంచిదే" అన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు. ఆ మాటలు నావి కావు. నా నోట్లో నుంచి వచ్చే మాట ఎవరిదో గుర్తుపట్టడం నాకు నేర్పిన మనిషే పోయిందని బజారు దాటాక గానీ నాకు తెలిసిరాలేదు.

మీలో ఆమెను ఎరిగినవాళ్లు తక్కువే ఉంటారు. మహబూబ్‌నగర్‌లో ఒక బడి ఖాళీ గదిలో, వేసవి సెలవుల్లో, మాలాంటి పంతుళ్లకు కౌన్సెలింగు నేర్పేది. ఆ మాటే మాకు కొత్త. బెత్తం పక్కన పెట్టి పిల్లవాడు చెప్పేది వినాలంటే, సగంమంది నవ్వుకున్నారు. ప్రతి మనిషిలో ముగ్గురుంటారని అప్పుడప్పుడే మన దాకా వచ్చిన ఒక సిద్ధాంతాన్ని ఆమె మాకు చెప్పింది. మనల్ని పెంచినవాళ్ల గొంతు ఒకటి. కళ్లముందున్నది చూసి ఆలోచించే ఎదిగిన మనిషి ఒకరు. ఒకప్పుడు మనమే అయిన పసిపిల్ల ఒకరు. గదిలో ఒక కుర్చీ, ఒక బెంచీ, నేలమీద ఒక గోనెపట్టా వేసేది. కుర్చీ పెద్దలది, బెంచీ ఎదిగిన మనిషిది, గోనెపట్టా పిల్లది. ఒక్కొక్కరం మూడు చోట్లా కూర్చుని మన బతుకు గురించే మాట్లాడాలి. "గీ సిద్ధాంతం చెప్పినాయిన పాలమూరు అత్తలను జూడలే. చూసుంటే ఇంకో రెండు కుర్చీలు ఏపిచ్చేటోడు" అనేది.

ఆమెది మర్రిగూడ వైపు. ఆ ఊరి ఫ్లోరైడు నీళ్లకు నడుమూ మెడా బిగుసుకుపోయాయి. ఎవరినైనా చూడాలంటే మనిషంతా తిరిగేది. "నేను కింద కూసుంటే నలుగురు లేపాలె. గందుకే మిమ్ముల కూసోబెడుతున్న" అని నవ్వేది. కొంగున వేయించిన పల్లీలు ముడి వేసుకుని వచ్చేది. గోనెపట్టా మీద కూర్చున్నవాళ్లకే అవి దక్కేవి.

నా సంగతి కొంచెం చెప్పాలి. మా నాయినమ్మ పోయిన ఏడాదే నేను పుట్టాను. ఆమే తిరిగొచ్చిందని ఆమె పేరే పెట్టారు. కోడలు అత్త పేరు నోట పలకకూడదు కదా, అందుకని మా అమ్మ నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ఊళ్లో తల్లులంతా "బిడ్డా" అని కేకలేస్తుంటే మా అమ్మ మాత్రం "అవ్వా, తింటవా?" అనేది. నేను ముఖం చిట్లిస్తే, అత్తే కోప్పడినట్టు కొంగు తలమీదికి లాక్కునేది. మా నాన్నను బాపు అంటాం. ఆయన నవ్వుతూనే, "కందులు ఎప్పుడు ఏద్దామవ్వా?" అని అడిగేవాడు. నేను నవ్వకుండా జవాబు చెప్పేదాన్ని. అట్లా పెరిగాను. "అవ్వకు పెండ్లి జేసేటోళ్లెవరు?" అని మేనత్తలు ఎగతాళి చేసేవారు. ఎవరూ చేయలేదు, నేనూ అడగలేదు.

శిక్షణలో నా వంతు వచ్చినప్పుడు బెంచీ మీద కూర్చుని నెమ్మదిగా, తూచినట్టు మాట్లాడాను. అందరికంటే నాలోనే ఆ ఎదిగిన మనిషి బాగా ఎదిగిందని లోపల గర్వం కూడా ఉంది. టీచరమ్మ మనిషంతా నా వైపు తిరిగింది.

"పిల్లా, అది ఎదిగిన మనిషి గాదు. మీ నాయినమ్మ చీర సుట్టుకున్న పసిది. చీర ఇడిసి కిందికి రా."

నన్ను పిల్లా అని పిలిచిన మొదటి మనిషి ఆమె. గోనెపట్టా మీద కూర్చున్నాను.

"ఏం గావాలె?"

"ఏం వద్దండి."

"ఏం వద్దు అనేది అవ్వ. పిల్ల ఏమంటది?"

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. ఆమె కొంగు ముడి చూస్తూ, "పల్లీలు" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు. కొంగు ముడి విప్పి నా దోసిట్లో పోసింది. నేను ఏడుస్తూ తిన్నాను. అది నిజమైన ఏడుపా, ఆమెను మెప్పించడానికి ఏడ్చానా అని ఇప్పటికీ అనుమానమే. మనిషిని మూడు చోట్ల కూర్చోబెడితే మనసు తెలిసిపోతుందా అని కూడా అనుమానమే. ఆమెతో అంటే, "అనుమానపడు, మంచిదే. కానీ కింద కూసొని అనుమానపడు" అంది.

ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, ఆమె ఇంటికి వెళ్లేదాన్ని. పోయిన ఎండకాలం వెళ్తే ఆమె నేలమీద చాప వేసుకుని పడుకుని ఉంది. మంచం ఎక్కలేకపోతోందని కోడలు చెప్పి నాకు కుర్చీ వేసింది. "ఫికర్ చేయకున్రి, రోగం తక్కువైతది" అన్నాను.

"కుర్చీ దొరికితే సాలు, అవ్వ వచ్చి కూసుంటది. దిగు పిల్లా" అంది టీచరమ్మ. దిగి చాప పక్కన కూర్చున్నాను. "సూసినవా, ఆఖరికి నేను గూడ కిందికొచ్చిన" అని నవ్వింది. తర్వాత పాత ప్రశ్నే. "ఏం గావాలె?"

"మీకు తక్కువ గావాలె."

"అది నాకు గావాల్సింది. నీకేం గావాలె?"

నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను. కోడలు మందు తెచ్చింది. "మల్లొచ్చినప్పుడు చెప్పు" అని ఆమె కళ్లు మూసుకుంది.

ఇక చెప్పేందుకు ఎవరూ లేరు. రామన్నపేట నుంచి ఇంటికొచ్చి గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాను. ఏం కావాలి అని ఆమె గొంతుతో నన్ను నేనే అడిగాను. ఆశ్చర్యం, జవాబు వెంటనే వచ్చింది. ఎన్నాళ్లుగానో నోటి దగ్గరే కూర్చుని ఉన్నట్టు వచ్చింది. మా అమ్మ నన్ను ఒక్కసారి "బిడ్డా" అనాలి. అంతే. నలభై దాటిన మనిషికి కావలసింది అదీ.

అమ్మ వాకిట్లోనే ఉంది. కళ్లు సరిగా ఆనవు. చప్పుడు విని తడుముకుంటూ లోపలికి వచ్చింది.

"ఎవలూ? అవ్వా, నువ్వేనా? గట్ల కింద కూసున్నవేంది?"

"అమ్మా…" అన్నాను. గొంతు పసిదానిలా వచ్చింది. అట్లాంటి గొంతు నా దగ్గర ఆమె ఎన్నడూ వినలేదు. బెదిరిపోయింది.

"ఏమైందవ్వా? నా మీద కోపమొచ్చిందా?"

పండిపోయిన తలమీదికి కొంగు లాక్కుంది.

"ఏం లేదు" అన్నాను, అవ్వ గొంతుతోనే. "పొద్దుగూకింది, దీపం పెట్టు."